లస్సీ మెషిన్ లేని చైనా హోటల్

ఇరవై ఆరేళ్ళ పాటు ఇతరుల వంటిళ్ళలో తలదూర్చి జీతం తీసుకున్న మనిషిని నేను. న్యూజెర్సీలో ఒక కౌంటీ హెల్త్ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్‌ని. హోటళ్ళు, బేకరీలు, స్కూలు కాంటీన్లు, గుళ్ళో ప్రసాదాలు వండే చోట్లు, ఎక్కడ పొయ్యి వెలిగితే అక్కడికి థర్మామీటరు పట్టుకుని వెళ్ళేదాన్ని. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. మా ఆయన వంట చేస్తుంటే వెనక నిలబడితే చాలు, "నీ నోటీసు ఏదో తలుపుకి అంటించి వెళ్ళు" అంటాడు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఆంటీ, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదని అడుగుతుంటారు. పిండి బస్తాలో ఎలక పిల్లల్ని పెట్టిన బేకరీ కథో, బాత్‌టబ్‌లో ఇడ్లీ పిండి కలిపిన కేటరర్ కథో చెప్పి నవ్విస్తుంటాను. ఈ కథ మాత్రం ఎక్కువగా చెప్పలేదు. ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేను. పైగా ఆ తప్పుకి అంతకు పన్నెండేళ్ళ ముందే నాకు శాలువా కప్పి సన్మానం కూడా చేశారు.

ముందుగా రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, నేను శాకాహారిని. పంది మాంసం లోపల ఎన్ని డిగ్రీలుండాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను కానీ దాని రుచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. రెండోది, మా ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. మన ఏరియాలో మనం తనిఖీ చేసే హోటల్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. అందుకని సర్వీసంతా నా మధ్యాహ్న భోజనం కౌంటీ కారులోనే, పెరుగన్నం డబ్బాతో. బయట తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లకి నన్ను పిలిచేవాళ్ళు కానీ, నేను లోపలికి అడుగుపెట్టేసరికి ఎవరో ఒకరు గబగబా గిన్నెల మీద మూతలు వేసేవాళ్ళు. అందరికీ నేను ఇన్‌స్పెక్టర్ ఆంటీనే.

ఎడిసన్‌లో ఓక్‌ట్రీ రోడ్డుకి రెండు మైళ్ళ అవతల, నా ఏరియాలో ఒక చిన్న ప్లాజా ఉంది. ఒక లాండ్రీ, ఒక టాక్స్ ఆఫీసు, మన తెలుగు పిల్లలు కూచిపూడి నేర్చుకునే డాన్స్ క్లాసు, దాని గోడ పక్కనే ఒక చైనా హోటల్. భార్యాభర్తలిద్దరే నడిపేవాళ్ళు. భర్త వంట చేస్తాడు, భార్య కౌంటర్ చూస్తుంది. నా వయసే ఉంటుంది ఆమెకి. నేను తలుపు తీయగానే చిన్న గ్లాసులో టీ పోసి కౌంటర్ మీద పెట్టేది. నేను తాగనని ఆమెకి తెలుసు. నేను వంటింట్లో మూలమూలలూ చూసి వచ్చేసరికి టీ చల్లారిపోయేది, ఆమె తీసి పారబోసేది. పదేళ్ళుగా ఇదే తంతు. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే అయినా ఇద్దరిదీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు కాదు కాబట్టి మాటలు పొదుపుగా వాడుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆమె ఫ్రిజ్ మా ఇంటి ఫ్రిజ్ కన్నా శుభ్రంగా ఉండేది. ఆ సంగతి మా ఆయనకి చెప్పి పొరపాటు చేశాను.

కోవిడ్ వచ్చిన ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. జబ్బు మా ఊరికి రాకముందే దాని గురించిన కబుర్లు వచ్చేశాయి. ఫిబ్రవరి మొదటి వారానికల్లా మా ఆఫీసు ఫోన్లు మోగడం మొదలైంది. ఫోన్లు చూసే ఒకావిడ ఉండేది, ముప్పై ఏళ్ళ సర్వీసున్న నల్లజాతి ఆవిడ, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని మాట్లాడేది. పక్కింటి చైనావాళ్ళు దగ్గుతున్నారని ఒకరు, చైనా హోటళ్ళన్నీ మూయించమని ఇంకొకరు, చైనా నుంచి వచ్చిన పార్సిల్ ముట్టుకున్నాను చచ్చిపోతానా అని మరొకరు. ఆవిడ ఓపిగ్గా అందరికీ ఒకటే సమాధానం చెప్పేది. "చైనావాళ్ళు వంట చేస్తున్నారన్న దానికి మా పుస్తకంలో కోడ్ నంబరు లేదమ్మా" అని పెట్టేసేది. వాళ్ళ తాత కాలం నుంచీ ఇలాంటి ఫోన్లు ఎవరో ఒకరి మీద వస్తూనే ఉన్నాయని నాతో అనేది. అప్పుడు నేను సగమే విన్నాను.

అయితే ఆవిడ తోసిపుచ్చలేని ఫిర్యాదులు కొన్ని వచ్చాయి. అవి ఆ ప్లాజాలో హోటల్ మీదే. తారీఖు, టైము, చూసిన వస్తువు, అది ఏ మూల ఉంది, ఇంకా ఎవరు చూశారు, అన్నీ వరసగా రాసి ఉన్నాయట. రూల్ ప్రకారం అలాంటి దాన్ని పక్కన పడేయడానికి వీల్లేదు, మూడు రోజుల్లో మనిషి వెళ్ళి చూడాల్సిందే. ఫిర్యాదు చేసినవాళ్ళ వివరాలు బయటపడకూడదని ఇన్‌స్పెక్టర్ చేతికి పూర్తి ఉత్తరం ఇవ్వరు, ఒక్క ముక్కలో సారాంశం రాసిన చీటీ ఇస్తారు. "ఎవరో గానీ బాగా చదువుకున్నవాళ్ళే రాస్తున్నారు, ఇంత చక్కటి ఫిర్యాదు నా సర్వీసులో చూడలేదు" అంది ఆవిడ చీటీ అందిస్తూ.

మొదటి చీటీలో పచ్చి మాంసం కూరగాయల మీద పెట్టారని ఉంది. వెళ్ళి చూశాను, లేదు. రెండో దాంట్లో వెనక గదిలో జంతువుల బోనులున్నాయని ఉంది. ఉన్నవి బియ్యం బస్తాలు, ఒక పాత సైకిలు. మూడోసారి వంటాయన ఆగకుండా దగ్గుతున్నాడని. నేనున్న గంటసేపట్లో ఆయన ఒక్కసారి దగ్గాడు, అదీ ఎండుమిరపకాయలు నూనెలో వేసినప్పుడు. దానికి నేనూ దగ్గాను. ప్రతిసారీ అన్నీ సవ్యంగా ఉన్నాయని రాసి, సంతకం చేసి, కాపీ ఇచ్చి వచ్చాను. ఎంత ఎక్కువసార్లు చూసి శుభ్రంగా ఉందని రాస్తే ఆ హోటలుకి అంత మంచి చేస్తున్నానని నా నమ్మకం.

మూడోసారి వెళ్ళినప్పుడే మధ్యాహ్నం పన్నెండున్నరకి హోటల్లో ఒక్క టేబులు కూడా నిండలేదు. ఆమె టీ గ్లాసు పెట్టి, అద్దంలోంచి బయటకి చూపించింది. నా కారు హోటల్ తలుపుకి ఎదురుగా ఉంది, దాని మీద కౌంటీ హెల్త్ అని పెద్ద అక్షరాలు.

"నువ్వు వచ్చిన రోజు ఎవరూ రారు. మర్నాడు కూడా రారు" అంది. కోపంగా కాదు, వాన పడేలా ఉందన్నట్టు చెప్పింది. కారు వెనకవైపు పెట్టుకోమని అడిగింది. ప్లాజా ఓనరు లీజు మార్చి నెలాఖరులో మళ్ళీ రాయాలి, చుట్టుపక్కల షాపులవాళ్ళు ఏదో అంటున్నారు ఆలోచించుకోవాలన్నాడట. పద్దెనిమిదేళ్ళు కాళ్ళ మీద నిలబడి నడిపిన హోటలు, ఆయన సంతకం పెట్టకపోతే ఏప్రిల్లో పొయ్యి ఆరిపోతుంది.

నాలుగోసారి బుద్ధిగా వెనకవైపు, చెత్త డబ్బాల పక్కన పెట్టాను. మంచి పనే చేశాననుకున్నాను.

ఆ వారంలోనే ఒక బుధవారం మా సూపర్‌వైజర్ తన గదిలోకి పిలిచాడు. ఆయన ఇటాలియన్ కుటుంబం నుంచి వచ్చిన పెద్దమనిషి, పాడైన టమాటా సాస్ వాసన నలభై అడుగుల నుంచి పట్టేయగలడు. ముందర అయిదు ఉత్తరాలు పరుచుకుని కూర్చున్నాడు. ఒకే చోటి మీద నెలలో అయిదు ఫిర్యాదులు వస్తే జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేయాలి. అంటే రెండు కార్లు, నలుగురు మనుషులు, చేతి తొడుగులు, తలుపు మీద నోటీసు, రెండు గంటల పాటు వ్యాపారం బంద్. అది శుక్రవారం మధ్యాహ్నం పెట్టాడు. ఆ ఏడాది ఆ నెలలో ఒక చైనా హోటలు ముందర ఆ దృశ్యం జనం చూశాక ఇక చెప్పేదేముంది.

"వెళ్ళేముందు నాకొకటి చెప్పు" అన్నాడు ఒక ఉత్తరం నా వైపు తిప్పి. "ఈ లస్సీ మెషిన్ అంటే ఏమిటి? చైనావాళ్ళు వాడతారా?"

చదివాను. ఇంగ్లీషులో తొమ్మిది గడులు. తారీఖు, టైము, చోటు, ఏం చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, ఇలా. నాలుగో గడిలో బోనుల సంగతి రాశాక, కింద ఇంకో వాక్యం ఉంది. లస్సీ మెషిన్ గొట్టం చివర నల్లగా ఎండిపోయిన పదార్థం కనిపించింది.

ఆ వాక్యం నాది.

పన్నెండేళ్ళ కిందట మా తెలుగు అసోసియేషన్ దీపావళి ఫంక్షన్‌కి ఒక స్వీట్ల షాపు నుంచి భోజనాలు తెప్పించారు. మర్నాడు సగం మంది పిల్లలకి వాంతులు. మనవాళ్ళు ఊరుకుంటారా, మా ఆఫీసుకి పేజీలకి పేజీలు మెయిల్స్ రాశారు. అన్నిట్లోనూ అన్యాయం, దారుణం, మీరేం చేస్తున్నారు అన్న ప్రశ్నలే కానీ, ఏ రోజు ఏం తిన్నారో ఒక్కరూ రాయలేదు. అందుకని నేనే పూనుకుని, ఫిర్యాదు ఎలా రాస్తే పని జరుగుతుందో తొమ్మిది గడులతో ఒక నమూనా తయారు చేసి అందరికీ పంపాను. ఎలా నింపాలో తెలియడానికి ఉదాహరణగా లస్సీ మెషిన్ వాక్యం నేనే రాశాను. పైన మొదటి వరసలో, చూసింది మాత్రమే రాయండి, విన్నది రాయకండి అని కూడా పెట్టాను. ఆ నమూనాతో పని జరిగింది, షాపువాడు దారిలోకి వచ్చాడు. తర్వాతి ఉగాదికి నాకు శాలువా కప్పారు.

ఇప్పుడా నమూనా నా ముందు అయిదు కాపీలై కూర్చుంది. నింపినవాళ్ళెవరో హడావుడిలో నా ఉదాహరణ చెరపడం మర్చిపోయారు. మనవాళ్ళు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చైనా హోటల్లో లస్సీ మెషిన్ చూడలేరు.

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది చెప్పలేదు. లస్సీ అంటే పెరుగుతో చేసే చల్లటి డ్రింక్ అని వివరించి, శుక్రవారం కలుద్దామని బయటకి వచ్చేశాను. రిటైర్‌మెంట్‌కి ఏడాది ఉంది. ఆ కాగితాల మీద నా పేరు ఎక్కడా లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఈ మూడూ ఆఫీసు మెట్లు దిగేలోగా నా మనసులో వరసగా వచ్చాయి. అంత చురుగ్గా ఆలోచించగలనని నాకే తెలియదు.

కారులో కూర్చుని వాట్సాప్ గ్రూపు తెరిచాను. మా ప్రాంతపు తెలుగు ఆడవాళ్ళ గ్రూపు, పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు పడలేక రెండేళ్ళ కిందటే మ్యూట్‌లో పెట్టాను. పైకి జరుపుకుంటూ వెళ్తే అక్కడ ఉంది సంగతంతా. నా నమూనా మళ్ళీ పంచుకున్నారు, ఇలా రాస్తేనే కౌంటీవాళ్ళు వస్తారని. ఆ తర్వాత నా కారు ఫోటో, హోటల్ ముందర. మూడు రోజుల తర్వాత ఇంకో ఫోటో, హెల్త్ వాళ్ళ కారు చెత్త డబ్బాల దగ్గర ఎందుకుంది, ఏం దొరికిందో ఏమో అని. కింద దండం పెట్టే చేతుల గుర్తులు ఇరవై. నేను హోటలామెకి మేలు చేద్దామని తిప్పి పెట్టిన కారు అది.

ఇదంతా మొదలుపెట్టింది గ్రూపు నడిపే అమ్మాయి. అమ్మాయంటే నలభై దాటింది, వరంగల్ వైపు, ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని. ఇద్దరు కూతుళ్ళు ఆ డాన్స్ క్లాసులోనే. మా ఆయనకి బైపాస్ అయినప్పుడు నెల రోజులు క్యారేజీ తెచ్చిపెట్టిన మనిషి, నన్ను అక్కా అనే పిలుస్తుంది. నేను వస్తే గిన్నెల మీద మూత పెట్టని ఏకైక ఇల్లు కూడా అదే. అందుకే కోపం రెండింతలైంది.

సాయంత్రం క్లాసు టైముకి ప్లాజాకి వెళ్ళాను. తన నీలం కారులో కూర్చుని ల్యాప్‌టాప్‌లో మీటింగ్ వింటోంది. పక్క సీట్లో కూర్చుని, బోనులు చూశావా అని అడిగాను.

"నేను లోపలికి పోతనా అక్కా? అందరు అంటున్నరు. పిల్లలు వారంల మూడు రోజులు ఆ గోడ పక్కనే ఉంటరు. నాకు భయమైతది" అంది.

లస్సీ మెషిన్ చూశావా అని అడిగాను. లస్సీ ఏంది అని ఫోను తీసి చూసుకుంది. చూసుకుని నాలుక కరుచుకుంది. అది నీ శాంపిల్‌ల ఉన్నదే అక్కా అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది.

నేను మొదలుపెట్టాను. న్యూయార్క్‌లో రెండు టవర్లు కూలిన ఏడాది తను ఇంకా ఇండియాలోనే ఉంది, చూడలేదు. మా ఆయన కారుకి అమెరికా జెండా కట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. మాకు దేశభక్తి పొంగి కాదు, గ్యాస్ స్టేషన్లో ఒకడు కారు మీద కాఫీ పోశాక. మా పక్కింటావిడ, అయిదేళ్ళుగా మా ఇంటి పులిహోర తిన్నావిడ, మా గరాజ్‌లో అర్ధరాత్రి లైటెందుకు వెలుగుతోందని పోలీసులకి ఫోన్ చేసింది. లోపల మా అబ్బాయి సైన్స్ ప్రాజెక్టు చేసుకుంటున్నాడు. ఆవిడకీ భయమేసిందట, ఆవిడకీ పిల్లలున్నారట.

"అది వేరే కదా అక్కా" అంది.

ఎలా వేరో చెప్పమన్నాను. అది వదిలేసి, తను ఒక్కతే కాదని, జనాలు ఎంత భయపడుతున్నారో నాకు తెలియదని వాదించింది. "మొన్న శనివారం ఒకడు పికప్ ట్రక్కుల వచ్చి, ఆళ్ళ అద్దం మీద పెద్ద సోడా కప్పు విసిరికొట్టి, తిట్టిపోయిండు. ట్రక్కు నంబరుతోని సహా నా ఫోన్‌ల వీడియో ఉంది. అట్లుంది బయట" అంది. అది భయానికి సాక్ష్యమని తన ఉద్దేశం. నాకూ అప్పుడు ఇంకేమీ తట్టలేదు.

నేను కారు దిగుతుంటే అంది, నెమ్మదిగానే. "లెటర్ నువ్వు రాసిందే కదక్కా. మేము నింపినం, అంతే."

ఇంటికెళ్ళి చాలాసేపు ఆ శాలువా ఎక్కడుందో వెతికాను, ఎందుకో నాకే తెలియదు. దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజర్ కోటు విప్పకముందే గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. నమూనా నాదని, అయిదూ ఒకే గ్రూపు నుంచి వచ్చాయని, రాసినావిడ లోపలికి అడుగుపెట్టలేదని తన నోటితోనే చెప్పిందని. నిన్న నాకు తెలిసి కూడా చెప్పలేదని కూడా చెప్పాను. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"పాతికేళ్ళుగా ఈ ఆఫీసుకి ఒక మంచి ఫిర్యాదు ఫారం రాయమని పైవాళ్ళని అడుక్కుంటున్నాను" అన్నాడు చివరికి. "నువ్వు రాసి పాట్‌లక్‌లో పంచిపెట్టావన్నమాట."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నిన్న ఎందుకు చెప్పలేదని అడిగాడు. పెన్షన్ గుర్తొచ్చిందన్నాను. ఇంతకన్నా గౌరవంగా చెప్పడానికి నాకేమీ దొరకలేదు. ఆ ప్లాజా నా ఏరియాలోంచి తీసేశాడు, నా ఫైల్లో ఒక మెమో పెట్టాడు. మొత్తం సర్వీసులో నాకొచ్చిన మెమో అదొక్కటే, కాపీ ఇంకా దాచుకున్నాను. అది మాత్రం వెతక్కుండానే దొరుకుతుంది. తర్వాత జాయింట్ ఇన్‌స్పెక్షన్ రద్దు చేసి, తన సొంత కారులో, పేరూ ఊరూ లేని పాత కారులో, ఆయనే ఒక్కడూ వెళ్ళి హోటలంతా చూసొచ్చాడు. ఆ అయిదు ఉత్తరాలకీ మూలం ఒకటేనని, ఒక్క లోపమూ దొరకలేదని కౌంటీ కాగితం మీద రాసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని ప్లాజా ఓనరుకి చూపించింది. సోమవారానికల్లా సంతకం పెట్టాడట.

ఆ తర్వాత రెండు వారాలకే ఊరు ఊరంతా మూతపడింది, ఎవరి కారు ఎవరి తలుపు ముందర ఉందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ హోటలు కిటికీలోంచి పొట్లాలు అందిస్తూ ఎలాగో నిలబడింది. ఇప్పటికీ ఉంది. నేను మాత్రం చెప్పదలుచుకున్నది ఊరు మూతపడకముందు వచ్చిన శనివారం గురించి.

నా తప్పు ఆమెతో నేనే చెప్పాలనిపించింది. బ్యాడ్జీ లేకుండా, సొంత కారులో, ఎదురుగా పార్క్ చేసి వెళ్ళాను. అలవాటు చొప్పున ఆమె టీ గ్లాసు పెట్టింది. నిలబడే చెప్పాను. ఆ ఉత్తరం రాసింది నేను, వేరే పని కోసం రాశాను, నా వాళ్ళు దాన్ని నీ మీద వాడారు, నాకు తెలిశాక ఒక రోజు ఆలస్యంగా నోరు విప్పాను. క్షమించమని అడిగాను.

ఆమె ఏమంటుందోనని రాత్రంతా రకరకాలుగా ఊహించుకున్నాను. తిడుతుందనుకున్నాను, బయటకి పొమ్మంటుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె కౌంటర్ తుడవడం ఆపి, ఆ ఉత్తరం ఇప్పుడు నీ దగ్గరుందా అని అడిగింది. ఉందన్నాను.

"అది రాస్తే అయిదుసార్లు ఆఫీసు వచ్చింది" అంది. "నేను పోలీసులకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఒకతను వచ్చాడు. ఎప్పుడు, ఎవరు, ఎంతమంది అన్నాడు. చాలాసార్లు, చాలామంది అన్నాను. ఏమీ రాసుకోలేదు, వెళ్ళిపోయాడు. మంచి కాగితం అది. నాకొకటి ఇవ్వు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో తిరిగాయో, మరెందుకో అప్పుడు ఆలోచించలేదు. కారులోంచి ల్యాప్‌టాప్ తెచ్చాను. ముందుగా చేసిన పని ఆ లస్సీ వాక్యం తీసెయ్యడం. తర్వాత పైన మా ఆఫీసు పేరు కొట్టేసి పోలీసుల పేరు పెట్టాను. ఇద్దరం కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చుని గడి గడీ నింపాం. శనివారం, సాయంత్రం అయిదున్నర, ముందర అద్దం, సోడా కప్పు, ఏమని తిట్టాడు. తిట్టు చెప్పడానికి మాత్రం ఆమె కాసేపు తటపటాయించి, తర్వాత నా వైపు చూడకుండా ఒక్కొక్క మాటే విడమరిచి చెప్పింది. నేనూ తల ఎత్తకుండానే టైపు చేశాను. ఎనిమిది గడులు నిండాయి.

తొమ్మిదో గడి, మీతో పాటు చూసినవాళ్ళు. ఎవరూ లేరంది ఆమె. వాళ్ళాయన వంటింట్లో ఉన్నాడట, తను నేల మీద ఐసుముక్కలు చూసిందట, ఎవరో పోతున్న చప్పుడు విందట. చూసినవాళ్ళ పేర్లే రాయాలి కదా, ఖాళీగా వదిలేయమంది.

నేను అద్దంలోంచి బయటకి చూశాను. శనివారం క్లాసు రోజు. నీలం కారు అక్కడే ఉంది.

ఫోన్ చేసి, లోపలికి రమ్మన్నాను. ఎందుకక్కా అంది. నీ ఫోన్‌లో వీడియో తీసుకుని రా అన్నాను. ఫోను పెట్టేసింది. రాదేమో అనుకున్నాను. పిల్లల్ని ఇంకో క్లాసుకి మార్చేసి, నాతో మాట్లాడటం మానేసి, గ్రూపులోంచి నన్ను తీసేయొచ్చు. నేనే అయితే ఆ పని చేసేదాన్నేమో కూడా. తర్వాత కారు తలుపు తెరుచుకుంది.

గుమ్మం దగ్గర ఆగింది. ఏళ్ళ తరబడి పిల్లల్ని దింపుతున్న ప్లాజాలో ఆ తలుపు తీయడం అదే మొదటిసారి. హోటలామె తనని ఎగాదిగా చూసి, నువ్వు ఫోటోలు తీస్తావు అంది. తను తల వంచుకుని, అవును అంది. అంతే. ఇద్దరి మధ్యా ఇంకేమీ నడవలేదు. క్షమాపణా లేదు, క్షమించడమూ లేదు. హోటలామె వెళ్ళి ఇంకో గ్లాసులో టీ పోసి, నా గ్లాసు పక్కన పెట్టింది.

ఆ ప్లాజా నా ఏరియా కాదని అప్పుడు గుర్తొచ్చింది. గ్లాసు ఎత్తి తాగాను. పదేళ్ళుగా చల్లారబెట్టిన టీ. పంచదార లేదు, పాలు లేవు, బాగుంది.

పక్కన తను వీడియో చూసుకుంటూ తొమ్మిదో గడి ముందర ఆగి ఉంది. "అక్కా, ఏం రాయాలె?" అంది.

"పేరు రాయి. ఎక్కడ కూర్చుని చూశావో రాయి. ఆ ట్రక్కు నంబరు రాయి" అన్నాను. "చూసింది చూసినట్టు రాయి."

రాసింది. రెండుసార్లు వీడియో వెనక్కి తిప్పి, నంబరు సరిచూసుకుని మరీ రాసింది. నేను ఆ ఉత్తరం తయారు చేసి అప్పటికి పన్నెండేళ్ళు. దాన్ని సరిగ్గా నింపడం నేను చూసింది ఆ రోజే.